మొదటి బంతా, రెండో బంతా, ఎప్పుడొస్తే అప్పుడా?

క్రూయిజ్ టికెట్ బుక్ చేసేటప్పుడు మనం చాలా విషయాలు బుర్ర బద్దలు కొట్టుకుని ఆలోచిస్తాం. బాల్కనీ ఉన్న రూమా, కిటికీ కూడా లేని రూమా? ఏ డెక్ అయితే తక్కువ ఊగుతుంది? వైఫై ప్యాకేజీకి అంత పెట్టాలా? ఇలా పది రివ్యూలు చూసి, ఇరవై వీడియోలు చూసి, చివరికి కార్డు తీసే టైమ్‌కి ఒక చిన్న ప్రశ్న అడుగుతారు. మీ డిన్నర్ ఎప్పుడు? సాయంత్రం ఐదున్నర, ఆరు ప్రాంతంలో ఒక టైమ్. రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య ఇంకో టైమ్. మూడోది, మీ ఇష్టం వచ్చినప్పుడు.

మనలో చాలామంది మూడోది నొక్కేసి పేమెంట్ పేజీకి వెళ్లిపోతారు. ఫ్లెక్సిబుల్ అంటే మంచిదే కదా అని. ఆఫీసులో ఫ్లెక్సిబుల్ టైమింగ్స్ అంటే అసలు అర్థం ఏమిటో అనుభవించినవాళ్లు కూడా ఈ మాటని ఇంత తేలిగ్గా ఎలా నమ్ముతారో నాకర్థం కాదు.

నాలుగైదు రోజులు దాటిన ట్రిప్‌లో, అందులోనూ పెద్దవాళ్లనో పిల్లలనో వెంట తీసుకెళ్లేటప్పుడు, ఈ చిన్న డ్రాప్‌డౌనే మీ సాయంత్రాలన్నీ ఎలా గడవాలో తేల్చేస్తుంది. అందుకే ఈ వారం దీని గురించి.

నీటి మీద బంతి భోజనం

పద్ధతి అర్థం కావడానికి మన పెళ్లిళ్లు చాలు. పాతకాలం పెళ్లిలో బంతి భోజనాలు. మొదటి బంతి లేచాక రెండో బంతి. మీరు కూర్చుంటే చాలు, వడ్డించేవాళ్లు వరసలో వస్తారు. ఇప్పటి పెళ్లిలో బఫే. ఎప్పుడైనా వెళ్లొచ్చు, కాకపోతే బిర్యానీ దగ్గర క్యూ మీదే, ప్లేటు పట్టుకుని చోటు వెతుక్కోవడమూ మీదే.

క్రూయిజ్ షిప్పులో మెయిన్ డైనింగ్ రూమ్ అని ఒక పెద్ద హాలు ఉంటుంది. టికెట్ డబ్బులోనే అక్కడి భోజనం కూడా కలిసి ఉంటుంది. పై డెక్‌లో బఫే ఎలాగూ ఉంటుంది, అది వేరు. ఈ హాల్లో ఫిక్స్‌డ్ అంటే ట్రిప్ మొత్తం ఒకటే టైమ్, ఒకటే టేబుల్, పక్కన వాళ్లే మనుషులు, వడ్డించేది అదే వెయిటర్, అదే అసిస్టెంట్. అచ్చంగా బంతి భోజనం. ఫ్లెక్సిబుల్ అంటే హాలు తెరిచి ఉన్నంతసేపు ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఏ టేబుల్ ఖాళీ ఉంటే అది ఇస్తారు. వెయిటర్ రోజుకొకరు మారొచ్చు. దీన్ని రాయల్ కరీబియన్ వాళ్లు 'మై టైమ్' అంటారు, కార్నివాల్ వాళ్లు 'యువర్ టైమ్' అంటారు. ఇంతకీ ఎవరి టైమో వాళ్లలో వాళ్లే తేల్చుకోవాలి.

అసలు రెండు బంతులు ఎందుకు? లెక్క చాలా సింపుల్. షిప్పులో 3,000 మంది ఉన్నారనుకోండి. అందరికీ ఒకేసారి సరిపోయే హాలు కడితే, రోజులో మిగతా టైమ్ అంతా అది ఖాళీగా పడి ఉంటుంది. సముద్రం మీద ప్రతి చదరపు అడుగూ డబ్బే. అందుకని సగం మందికి సరిపోయే హాలు కట్టి రెండుసార్లు నింపుతారు. థియేటర్ కూడా అంతే. మొదటి బంతి వాళ్లు తిని షోకి వెళ్తే, రెండో బంతి వాళ్లు షో చూసి తినడానికి వస్తారు. మా భాషలో చెప్పాలంటే ఇది పక్కా బ్యాచ్ ప్రాసెసింగ్. ఎంతమంది వస్తారో, ఎప్పుడొస్తారో కిచెన్‌కి ముందే తెలుసు.

ఫ్లెక్సిబుల్‌లో ఆ లెక్క ఉండదు. రిక్వెస్టులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. కానీ జనం నిజంగా ఎప్పుడు పడితే అప్పుడు రారు కదా. అందరికీ ఆరున్నర, ఏడున్నర మధ్యే ఆకలేస్తుంది. ట్రాఫిక్ మొత్తం ఆ గంటలోనే. అప్పుడు వెళ్తే తలుపు దగ్గర లైను. కార్నివాల్‌లో అయితే యాప్‌లోనే చెక్ ఇన్ అయితే టేబుల్ రెడీ అయ్యాక ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కొన్ని లైన్లలో టైమ్‌ని ముందుగానే రిజర్వ్ చేసుకోవచ్చు. రోజూ ఒకే టైమ్ రిజర్వ్ చేసుకుంటే ఇంక అది ఫ్లెక్సిబుల్ ఎక్కడైంది అంటారా? ఆ ప్రశ్నకే వస్తున్నా.

టైటానిక్ నాటి నుంచి ఉన్న గొడవ

ఇదేదో మన జెనరేషన్‌కి వచ్చిన సమస్య కాదు. 1912లో బయల్దేరిన టైటానిక్‌లోనే ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. ఫస్ట్ క్లాస్ వాళ్లకి డైనింగ్ సెలూన్‌లో డిన్నర్ టైమ్ అయిందని బూర ఊది పిలిచేవాళ్లు. ఆ టైమ్ నచ్చనివాళ్లకి, జేబులో ఇంకాస్త డబ్బున్నవాళ్లకి విడిగా ఒక రెస్టారెంట్ ఉండేది. అక్కడ నచ్చినప్పుడు వెళ్లి, నచ్చింది ఆర్డర్ ఇచ్చి, విడిగా బిల్లు కట్టుకోవచ్చు. అంటే అప్పట్లో ఫ్లెక్సిబుల్ అనేది డబ్బు పెట్టి కొనుక్కునే సౌకర్యం.

దాన్ని టికెట్‌లోనే కలిపి మామూలు ప్రయాణికుడికి ఇచ్చి, పెద్ద ఎత్తున ప్రచారం చేసుకున్నది నార్వేజియన్ క్రూజ్ లైన్. 2000లో 'ఫ్రీస్టైల్ క్రూజింగ్' పేరుతో ఫిక్స్‌డ్ టైమింగ్‌ని తీసేశారు. టేబుల్ నంబర్ లేదు, టైమ్ లేదు, టై కట్టుకోమన్న ఒత్తిడీ లేదు. జనానికి నచ్చింది. మిగతా కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా ఫ్లెక్సిబుల్ ఆప్షన్ పెట్టుకుంటూ వచ్చాయి. వర్జిన్ వాయేజెస్ అయితే పెద్ద డైనింగ్ హాలే లేకుండా, వేర్వేరు రెస్టారెంట్లతో షిప్పులు కట్టింది.

మరి ఫ్లెక్సిబుల్ గెలిచేసినట్టేనా? అక్కడే ఒక ట్విస్ట్. 2014లో రాయల్ కరీబియన్ తన కొత్త షిప్ క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో 'డైనమిక్ డైనింగ్' అని తెచ్చింది. పెద్ద హాలుని నాలుగు వేర్వేరు రెస్టారెంట్లుగా విడగొట్టి, ఏ రోజు ఎక్కడ తినాలో మీరే బుక్ చేసుకోండి అంది. వినడానికి బాగుంది. ఆచరణలో ప్రయాణికులు సెలవు కోసం వచ్చి స్లాట్ల కోసం కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఫిర్యాదులు వచ్చాయి. ఒకే వెయిటర్, ఒకే టైమ్ ఉన్న పద్ధతి కావాలని జనమే అడిగారు. చివరికి కంపెనీ పాత పద్ధతికే తిరిగొచ్చింది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, ఫ్లెక్సిబుల్ అంటే ప్లానింగ్ లేకపోవడం కాదు, ప్లానింగ్ కంపెనీ చేతిలోంచి మీ చేతిలోకి రావడం. ఫిక్స్‌డ్‌లో ఒక్కసారి నిర్ణయం తీసుకుంటారు. ఫ్లెక్సిబుల్‌లో ఏడు రాత్రులకి ఏడుసార్లు.

వడ్డించేవాడు మనవాడైతే

మనకో సామెత ఉంది. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటే అని. ఫిక్స్‌డ్ డిన్నర్ గొప్పతనం మొత్తం ఆ ఒక్క సామెతలో ఉంది. మొదటి రోజు అతను పరాయివాడే. మూడో రోజుకి మనవాడైపోతాడు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకి ఇది ఇంకా బాగా పనికొస్తుంది. అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తారు. అక్కడ చూపించాల్సిన లిస్టులో నయాగరా తర్వాత ఇప్పుడు క్రూయిజ్ కూడా చేరింది. డాలస్, హ్యూస్టన్ వాళ్లకి గాల్వెస్టన్ పోర్టు కారులో వెళ్లేంత దూరం. సియాటెల్ వాళ్లకి అలాస్కా షిప్పులు ఊళ్లోంచే బయల్దేరతాయి. ఎక్కాక మొదటి సమస్య భోజనం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. వెజిటేరియన్ అంటే గుడ్డు, చీజ్ వేసి ఇచ్చేవాళ్లు చాలామంది. పెద్ద లైన్లలో చాలాచోట్ల ఇండియన్ వెజిటేరియన్ భోజనం అడిగితే పెడతారు. కానీ అడగాలి. బుక్ చేసేటప్పుడు ఒకసారి, షిప్పెక్కిన రోజు హెడ్ వెయిటర్‌కి ఇంకోసారి.

ఫ్లెక్సిబుల్‌లో అయితే ఈ కథ ప్రతి రాత్రీ కొత్త వెయిటర్‌కి మొదట్నుంచీ చెప్పాలి. గుడ్డు వద్దు, చేప కూడా మాంసమే, సూప్‌లో చికెన్ నీళ్లు వద్దు, కారం మాత్రం కావాలి. ఫిక్స్‌డ్‌లో ఒక్కసారి చెబితే చాలు. రేపు రాత్రికి ఏం కావాలో ఇవాళే అడిగి కిచెన్‌కి చెప్పే వెయిటర్లు ఉంటారు. క్రూయిజ్ షిప్పుల్లో పనిచేసేవాళ్లలో మన దేశం వాళ్లు బాగానే ఉంటారు. మీ అదృష్టం బాగుండి గోవా కుర్రాడో కేరళ కుర్రాడో మీ టేబుల్‌కి పడితే, నాలుగో రోజుకి అమ్మకి పచ్చిమిర్చి, నిమ్మకాయ చెప్పకుండానే వచ్చేస్తాయి.

అన్నట్టు, ఆవకాయ విషయం. చాలా లైన్లు ఇంట్లో చేసిన తిండిని ఎక్కనివ్వవు. సీల్ తీయని ప్యాకెట్లకి సాధారణంగా ఒప్పుకుంటారు. కాబట్టి అమ్మ సీసా ఇంట్లో, షాపులో కొన్న పొడి ప్యాకెట్ బ్యాగులో. ముందు మీ లైన్ రూల్స్ ఒకసారి చూసుకోండి.

ఇక నాన్న సంగతి. షుగర్ ఉన్నవాళ్లకి భోజనం టైమ్ అంటే లగ్జరీ కాదు, మందులో భాగం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకి తిండి బాగా ఆలస్యమైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఏడున్నరకి తిందామని వెళ్తే తలుపు దగ్గర 40 నిమిషాలు ఆగమన్నారనుకోండి. మీకది చిరాకు. ఆయనకి చెమటలు, వణుకు. ఇలాంటివాళ్లు గ్రూపులో ఒక్కరున్నా ఫిక్స్‌డే మంచిది. ఏ టైమ్ అన్నది మందుల ప్రకారం డాక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి.

ఏ బంతి అన్నది ఇంకో ప్రశ్న. సాయంత్రం ఐదున్నర అంటే మన ఇళ్లలో టీ, మిర్చి బజ్జీల టైమ్. అప్పుడు డిన్నర్ అంటే పెద్దవాళ్లు 'ఇది భోజనమా, టిఫినా' అంటారు. పదింటికి మళ్లీ ఆకలేస్తుంది. ఎనిమిదింబావు అయితే ఇంట్లో తినే టైమ్‌కి దగ్గర. కానీ ఈ డిన్నర్‌లో స్టార్టర్, మెయిన్, డిజర్ట్ అంటూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గంటన్నర పైనే పడుతుంది. పది దాటితే కళ్లు మూతలు పడే నాన్నకి రెండో బంతి శిక్షే. యూరప్ వైపు, ఇటలీ, స్పెయిన్ ప్రయాణికులు ఎక్కువుండే షిప్పుల్లో ఈ టైమింగ్స్ ఇంకొంచెం వెనక్కి జరుగుతాయి. అది కూడా చూసుకోవాలి.

ఫ్లెక్సిబుల్ గెలిచే చోట్లు

ఇంత చెప్పానని నేను బంతి భోజనాల పార్టీ అనుకోకండి. ఫిక్స్‌డ్‌లో నరకం కూడా ఉంది. ఆరుగురో, ఎనిమిదిమందో కూర్చునే టేబుల్‌లో మీతో పాటు ముక్కూమొహం తెలియనివాళ్లు ఉండొచ్చు. మంచివాళ్లు పడితే జీవితాంతం స్నేహం. లేకపోతే ఏడు రాత్రులు ఒకరి గోల్ఫ్ కథలు. ఇంగ్లిష్ రాని అమ్మ ఆ టేబుల్ దగ్గర గంటన్నర నవ్వుమొహం పెట్టుకుని కూర్చోవాల్సి రావడం మరీ అన్యాయం. మీ కుటుంబానికి విడిగా టేబుల్ కావాలని ముందే అడగండి. దొరకలేదా, అప్పుడు ఫ్లెక్సిబుల్ నయం.

రెండోది, పోర్టులు. రోజూ ఒక ఊళ్లో ఆగే ట్రిప్ అయితే సాయంత్రం నాలుగింటికో ఐదింటికో షిప్ కదులుతుంది. ఎండలో తిరిగి, ఉప్పు నీళ్లలో మునిగి, పరిగెత్తుకుంటూ ఎక్కి, స్నానం చేసి ఐదున్నరకి టేబుల్ దగ్గర ఉండాలంటే అది సెలవు కాదు, డెడ్‌లైన్. అలాస్కాలో అయితే లెక్క వేరు. జూన్‌లో జూనో దగ్గర రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. ఎనిమిదింబావుకి మీరు లోపల సూప్ తాగుతుంటే, బయట డెక్ మీద వాళ్లు తిమింగలాన్ని చూసి కేకలు పెడుతుండొచ్చు. అలాంటి రూట్‌లో ఫ్లెక్సిబుల్‌కి ఓటెయ్యొచ్చు.

మూడోది, ఇద్దరే వెళ్లే జంటలు, నలుగురైదుగురు ఫ్రెండ్స్. వీళ్లకి ఎవరూ ఆగక్కర్లేదు. ఆకలేస్తే వెళ్తారు, లేకపోతే పిజ్జా తింటారు. వీళ్లని ఫిక్స్‌డ్‌లో కూర్చోబెట్టడం అనవసరం. ఆరున్నరకి ముందో, ఎనిమిది తర్వాతో వెళ్తే క్యూ కూడా పెద్దగా ఉండదు.

రెండు, మూడు రాత్రుల ట్రిప్ అయితే ఈ చర్చే వద్దు. ముంబై, చెన్నై నుంచి నడిచిన కార్డేలియా లాంటి చిన్న ట్రిప్పుల్లో వెయిటర్ మీ పేరు గుర్తుపెట్టుకునే లోపే దిగిపోతారు. ఏది ఇస్తే అది తీసుకుని ఎంజాయ్ చేయండి.

పిల్లలున్నవాళ్లకి మధ్యేమార్గం కనిపెట్టింది డిస్నీ. అక్కడ టైమ్ ఫిక్స్‌డ్, వెయిటర్లు ఫిక్స్‌డ్, కానీ రెస్టారెంట్ మారుతూ ఉంటుంది. మీతో పాటు మీ వెయిటర్లు కూడా కొత్త రెస్టారెంట్‌కి వచ్చేస్తారు. రెండో బంతిలో పిల్లలకి ముందుగా వడ్డించి, తినగానే వాళ్లని ఆడించేవాళ్లు వచ్చి తీసుకెళ్లే ఏర్పాటు కూడా ఉంది. పెద్దవాళ్లు మిగతా భోజనం ప్రశాంతంగా చేయొచ్చు. ఏది మారాలి, ఏది మారకూడదు అన్నది బాగా ఆలోచించిన డిజైన్ ఇది.

ఫోన్ చూసి మోసపోకండి

డిన్నర్ టైమ్ విషయంలో మన ఫోన్ కూడా శత్రువు కావచ్చు. షిప్‌కి తనదంటూ ఒక టైమ్ ఉంటుంది. ఫోన్ మాత్రం పోర్టులోని టవర్‌ని పట్టుకుని ఆ ఊరి టైమ్‌కి మారిపోతుంది. మెక్సికోలో కొజుమెల్ ఉన్న రాష్ట్రం ఏడాది పొడవునా ఒకే టైమ్ పాటిస్తుంది. టెక్సస్ మాత్రం చలికాలంలో గడియారం గంట వెనక్కి తిప్పుతుంది. కాబట్టి డిసెంబర్‌లో గాల్వెస్టన్ నుంచి వెళ్లినవాళ్లకి కొజుమెల్‌లో ఫోన్ ఒక గంట ముందు చూపించొచ్చు. డిన్నర్‌కి గంట ముందు వెళ్లడం పెద్ద నష్టం కాదు. ఇంకో పోర్టులో ఇది తిరగబడి గంట వెనక చూపిస్తే డిన్నర్ సంగతి దేవుడెరుగు, షిప్పే వెళ్లిపోతుంది. టైమ్ ఆటోమేటిక్‌గా మారకుండా సెట్ చేసుకుని, షిప్ యాప్‌లో ఉన్న టైమ్‌నే నమ్మండి. నాన్న చేతికున్న పాత వాచీ ఈ విషయంలో మన ఫోన్ కంటే తెలివైనది.

ఇంకో మాట. షిప్పులో వైఫై ప్యాకేజీ లేనివాళ్లకి వాట్సాప్ రాదు. 'ఎన్నింటికి కలుద్దాం' అని ఫ్యామిలీ గ్రూపులో అడగడం కుదరదు. పదిహేను డెక్కుల షిప్పులో నాన్న ఎక్కడున్నారో వెతకడం జాతరలో వెతికినట్టే. ఫిక్స్‌డ్ డిన్నర్ ఉంటే ఎవరు ఎక్కడ తిరిగినా ఆ టైమ్‌కి ఆ టేబుల్ దగ్గర దొరుకుతారు.

నొక్కేశాక మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, చోటుంటే. ఎక్కే ముందు యాప్‌లోనో ఏజెంట్ ద్వారానో ప్రయత్నించండి. కుదరకపోతే ఎక్కిన రోజు మధ్యాహ్నమే డైనింగ్ రూమ్ మేనేజర్ దగ్గరికి వెళ్లండి. రెండో రోజుకి ఆలస్యమైపోతుంది. విడివిడిగా బుక్ చేసుకున్న కుటుంబాలు బుకింగ్ నంబర్లు లింక్ చేయించుకోవాలి, అందరూ ఒకే ఆప్షన్ పెట్టుకోవాలి. లేకపోతే అన్నయ్య వాళ్లు మొదటి బంతి, మీరు రెండో బంతి. ఫిక్స్‌డ్ తీసుకుని ఒక రాత్రి వెళ్లకపోతే ఫైన్ ఏమీ ఉండదు. కాకపోతే రానని ముందురోజే వెయిటర్‌కి చెప్పడం మర్యాద. టిప్ గురించి బెంగ వద్దు. పెద్ద అమెరికన్ లైన్లలో మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులోనే వేసేస్తారు, మీరు ఏ టైమ్‌కి తిన్నా సరే.

చివరిగా నా రూల్. గ్రూపులో అందరికీ ఏది నచ్చుతుందని ఓటింగ్ పెట్టొద్దు. అందరిలో సర్దుకోలేని మనిషి ఎవరో చూడండి. మందులున్న నాన్న, గుడ్డు తినని అమ్మ, ఏడింటికల్లా నిద్రకి ఏడ్చే పాప. ఆ మనిషికి సరిపోయే టైమ్ పెట్టండి. మిగతావాళ్లు సర్దుకోగలరు కాబట్టే సర్దుకోవాలి. అలాంటివాళ్లు ఎవరూ లేరా, నిశ్చింతగా ఫ్లెక్సిబుల్ నొక్కండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు మన మీటింగుల మధ్య రోజంతా ఇంట్లో టీవీ చూస్తూ గడుపుతారు. మనం డిన్నర్‌కి కూర్చున్నా పక్కన ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది. వాళ్లు షిప్పెక్కేది వాటర్ స్లైడ్ కోసం కాదు. ఏడు రాత్రులు, రోజూ గంటన్నర, కొడుకో కూతురో ఎదురుగా కూర్చుని, ఎక్కడికీ లేచిపోకుండా మాట్లాడే ఆ టేబుల్ కోసం. ఎవరికి ఆకలేసినప్పుడు వాళ్లు తినేస్తే ఆ టేబుల్ ఉండదు.

కాబట్టి ఆ డ్రాప్‌డౌన్ నొక్కే ముందు ఇంటికి ఒక ఫోన్ కొట్టండి. 'నాన్నా, రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకుంటావు?' అని అడగండి. ఏ ఆప్షన్ పెట్టాలో ఆయన జవాబులోనే ఉంటుంది.